‘మాలపల్లి’ని సంగీత నాటకంగా మలచేటప్పుడు ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదు?

ప్రశ్న: కృష్ణాతీరం

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని రెండున్నర గంటల సంగీత నాటకంగా మలిచే ప్రయత్నంలో మా ఔత్సాహిక నాటక బృందం ఉన్నది. పల్నాటి పుల్లరి (అడవిలో పశువుల మేతకు వేసిన పన్ను) సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లిన ఉన్నవ గారు అక్కడ రాసిన ఈ నవల 1922లో అచ్చయింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. వందేళ్లు దాటినా మంగళాపురం మాలపల్లెలోని రామదాసు కుటుంబం కథ చదివినవారిని ఊరకే ఉండనీయదు. అంత లావు పుస్తకాన్ని చేతిలోకి తీసుకోని వయసువారి దగ్గరకు దానిని పాట ద్వారా చేర్చాలన్నది మా కోరిక.

కథను కుదించడం కష్టమే కాని, అది మాకు తెలిసిన కష్టం. పాట విషయంలోనే మాకు దారి తోచడం లేదు. పద్యనాటకం చూసి పెరిగినవాళ్లం కనుక ప్రతి ముఖ్యపాత్రకూ పాటో పద్యమో ఉండాలన్న ఆలోచనతోనే మొదటి రాతప్రతి తయారుచేశాము. ఊరి మోతుబరి చౌదరయ్య వేషం వేస్తున్నవారు మంచి గాయకులు. కోతల నాటి కూలి తగాదాలో ఆయనకు ఒక సీసపద్యం పెట్టి, ఆహ్వానించిన కొద్దిమంది ముందు చదివించి చూశాము. పద్యం చివరి భాగమైన ఎత్తుగీతికి వచ్చేసరికి చూస్తున్నవారు చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే జవాబు చెప్పవలసిన రామదాసు కొడుకు సంగదాసు మాటలు ఆ చప్పట్ల కింద పడిపోయాయి. ధర్మం ఎవరి పక్షాన ఉన్నదో తెలిసిన ప్రేక్షకులు కూడా ఆ ఒక్క నిమిషం చౌదరయ్య పక్షాన కూర్చున్నారు. అప్పటి నుంచి మా బృందంలో రెండు వాదాలు నడుస్తున్నాయి. చౌదరయ్య చేత పాడించకూడదని కొందరు అంటున్నారు. ప్రతినాయకుడు మూగవాడైతే నాటకం చప్పబడిపోతుందని మరికొందరు అంటున్నారు.

రెండో సందేహం సంగదాసు మరణం గురించి. చౌదరయ్య దెబ్బకు సంగదాసు ప్రాణం పోయిన తరువాత రంగస్థలం మీద పాట ఉండాలా, మౌనం ఉండాలా? నవలలో రామదాసు వేదాంతి. కొడుకు శవం ముందు ఆయన చూపే నిబ్బరం చదివేటప్పుడు గొప్పగా ఉంటుంది, కాని రంగం మీద అది రాతిమనిషి నిబ్బరంలా కనిపిస్తుందేమోనని నా భయం. నవలలో ఉన్న చరమగీతం, సమతాధర్మం వంటి గేయభాగాలను ఉన్నవి ఉన్నట్లు వాడుకోవాలా, కొత్త పాటలు రాయించుకోవాలా అన్నది కూడా తేల్చుకోవాలి. పద్యనాటకంలోను, జానపద కళారూపాలలోను పనిచేసినవారు, నవలను శ్రద్ధగా చదివినవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: హార్మోనియం మెట్టు

చాలా కాలంగా పద్యనాటక బృందాలకు హార్మోనియం సహకారం అందిస్తున్నవాడిగా చెబుతున్నాను. చప్పట్లు పడినందుకు బాధపడవద్దు, అవి ఎందుకు పడ్డాయో చూడండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి కాలం నుంచి మన నాటకంలో పద్యానికీ పాటకూ పెద్దపీట వేశాము. ప్రేక్షకుడు పద్యాన్ని పాత్ర మాటగా వినడం మానేసి గాయకుడి ప్రతిభగా వినడం కూడా దానితోపాటే అలవాటైంది. బళ్ళారి రాఘవ గారు ఈ అలవాటును గట్టిగా వ్యతిరేకించి, రాగాలాపన కంటే పాత్ర ముఖ్యమని తన నటనతో చూపించారు. మీ చౌదరయ్య పాత్రధారి పద్యం చివర సాగదీసిన ఆలాపనకే చప్పట్లు పడి ఉంటాయి. పద్యం అలాగే ఉంచి ఆలాపన తీసివేయండి. తాళం లేకుండా, హార్మోనియం ఒక్క షడ్జం మాత్రమే పట్టుకొని ఉండగా, మాట విరుపుతో చదివించండి. అప్పుడు అది మోతుబరి గద్దింపులా వినిపిస్తుంది. ప్రతినాయకుడికి గొంతు లేకపోతే సంగదాసు ఎవరిని ఎదిరించినట్లు?

ఇక మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే సంగీత నాటకాలు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి. పద్యనాటకంలో ఒకరి తరువాత ఒకరు పాడతారు కనుక ఎవరి శ్రుతి వారిదిగా నడిచిపోతుంది. మీరు తలపెట్టినది అలాంటిది కాదు. కోతల పాట, ఊరేగింపు పాట, సంగదాసు పేరిట వెలసిన సంగపీఠం దగ్గర పాట, అన్నీ ఆడా మగా కలిసి పాడవలసినవే. మగవారు ఒకటో శ్రుతిలో హాయిగా పాడతారు, ఆడవారికి ఐదో శ్రుతి కావాలి. మధ్యలో మూడో శ్రుతి దగ్గర ఆగితే మగవారికి పైస్థాయి అందదు, ఆడవారికి మంద్రం పలకదు. దీనికి మందు స్వరకల్పనలోనే ఉన్నది. బృందగీతాలన్నిటినీ ఐదారు స్వరాల పరిధి దాటకుండా కట్టించండి. పల్లెపాటలు నూటికి తొంభై అలాగే ఉంటాయి. పదిమంది గొంతులు కలిసి పాడవలసిన పాటకు అంతకంటే ఎక్కువ పరిధి ఇవ్వరాదని పొలంలో పాడినవారికి తెలుసు.

రాగాల విషయంలో తొందరపడి సినిమా బాణీల వైపు వెళ్లకండి. రామదాసు తత్వాలకు నాదనామక్రియ, పున్నాగవరాళి ఉన్నాయి. కోతల పాటకు ఆనందభైరవి ఛాయ సహజంగా వస్తుంది. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క రాగం అని కొలిచి పంచకండి, అది కాగితం మీద బాగుంటుంది కాని వినేవాడికి తెలియదు.

సమాధానం: పాతపుస్తకాల అలమర

మాష్టారు చెప్పిన శ్రుతి సంగతి అక్షరాలా నిజం. చౌదరయ్య విషయంలో మాత్రం వారితో ఏకీభవించలేకపోతున్నాను. ఆలాపన తీసివేసినంత మాత్రాన ఈ సమస్య తీరదు. పద్యం ఉన్నచోట పాత్రకు హోదా వస్తుంది. రాయబారం నాటకంలో దుర్యోధనుడికి పద్యం ఉండాలి, ఆయన కృష్ణుడికి ఎదురు నిలిచే రాజు. చౌదరయ్య ఒక ఊరి మోతుబరి. అతని బలం భూమి నుంచి, కోర్టు నుంచి, పోలీసు ఠాణా నుంచి వస్తుంది. గొంతు నుంచి వచ్చే బలం అతనికి అక్కరలేదు.

నవలను మళ్లీ ఈ దృష్టితో చదివి చూడండి. ఊరివారి చేతిలో కాగితం ఉన్నది, పల్లెవారి నోట పాట ఉన్నది. రామదాసు భూమి పోగొట్టుకొనేది కాగితం వల్లనే, కుటుంబం చెల్లాచెదురయ్యేదీ కాగితం వల్లనే. పాట ఎప్పుడు వచ్చినా అది పల్లె వైపు నుంచే వస్తుంది. తత్వాలు పాడేవాడు రామదాసు, సమతను గానం చేసేవారు పేదలు. కనుక నాటకానికి ఒకే నియమం పెట్టుకోమని నా సలహా. పల్లెవారు తప్ప ఎవరూ పాడకూడదు. చౌదరయ్య, కోర్టు, పోలీసులు, జైలు అధికారులు అందరూ వచనంలోనే మాట్లాడాలి. ఆ వచనం కూడా ఉన్నవ గారి గుంటూరు మాటలోనే ఉండాలి. గ్రాంథికం గట్టిగా ఏలుతున్న రోజుల్లో ఆయన ఈ భాషలో రాయడానికి సిద్ధపడ్డారు, మనం దానిని నాటకభాషగా ‘శుద్ధి’ చేయకూడదు. ఇలా చేస్తే చౌదరయ్య మూగవాడు కాడు. అందరూ పాడుతున్న లోకంలో పాడలేని ఒక్క మనిషి ఎంత భయంకరంగా ఉంటాడో ఒకసారి అభ్యాసంలో చూడండి.

కూలి తగాదా ఘట్టాన్నే తీసుకోండి. కూలి గింజలుగా కొలవాలా, డబ్బుగా ఇవ్వాలా అన్నది అక్కడి గొడవ. ధరలు పెరిగిన కాలంలో గింజలు కొలిస్తే కూలివాడి కడుపు నిండుతుంది, డబ్బు ఇస్తే రైతుకు మిగులుతుంది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మనవారు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ‘లాభం... లాభం... రెండు... రెండు...’ అని కుంచం నిండి బోర్లించేదాకా అదే మాటను రాగయుక్తంగా సాగదీస్తూ కొలతగాడు లెక్క తప్పకుండా చూసుకుంటాడు. ఆ కొలతపాటతోనే ఘట్టాన్ని మొదలుపెట్టండి. కూలివారందరూ వంత పలుకుతుండగా కుంచం ఆడుతూ ఉంటుంది. చౌదరయ్య వచ్చి కొలత ఆపించి, చేతిలోని నాణేలను చాప మీద పోస్తాడు. నాణేల చప్పుడుకు లయ లేదు, పాట అక్కడ తెగిపోతుంది. ఈ తగాదా దేని గురించో ప్రేక్షకుడికి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

సంగదాసు అన్న వెంకటదాసు గురించి మీరు అడగలేదు కాని, నా దృష్టిలో ఈ నాటకానికి అతడే కీలకం. అన్యాయం చూసి సహించలేక అతడు తక్కెళ్ల జగ్గడిగా మారి, దోచినదాన్ని బీదలకు పంచుతాడు. మొదటి అంకంలో అన్నదమ్ములిద్దరూ కలిసి పాడాలి. జగ్గడిగా మారిన తరువాత వెంకటదాసు ఒక్క పాట కూడా పాడకూడదు. అతని గురించి జనం పాడాలి. ఆ కాలానికి జంగంకథ, తందానకథ అనదగిన రూపంలో ఒక కథకుడు, ఇద్దరు వంతలు సంతలో జగ్గడి కథ చెబుతుంటే, ముసుగు కప్పుకొని జనంలో కూర్చున్న వెంకటదాసు తన కథ తానే వినాలి. బుర్రకథను ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ గారు రాజకీయ వేదిక మీదకు తెచ్చినది 1940లలో కనుక, ఆ కాలపు వేగాన్నీ ఆవేశాన్నీ ఇక్కడికి తీసుకురాకండి. ఇది దానికి పూర్వపు నెమ్మదైన రూపంలో ఉండాలి. జైలులో చివరి ఘడియల్లో మాత్రం అతనికి మళ్లీ గొంతు వస్తుంది. నవలలోని చరమగీతాన్ని అక్కడి దాకా దాచిపెట్టండి, అంతకు ముందు దాని బాణీ కూడా ఎక్కడా వినిపించవద్దు.

కుదింపు విషయంలో ఒక్క మాట. చౌదరయ్య కొడుకు రామానాయుడి భార్య కమల, మోహనరావుల వృత్తాంతం మొత్తం తీసివేయవచ్చు. అది లేకపోతే రామానాయుడి జీవితంలో కొంత లోతు పోతుందని తెలుసు, అయినా రెండున్నర గంటల్లో దానికి చోటు లేదు. సెటిల్‌మెంటు (నేరస్థులుగా ముద్రపడినవారిని ఉంచే శిబిరం) ఘట్టాన్ని మాత్రం తీయకండి. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, మద్రాసు రాష్ట్రానికి 1911లో విస్తరించింది. మనుషులను పుట్టుకతో నేరస్థులుగా రాసుకొని హాజరు వేయించుకున్న ఆ వ్యవస్థను నవలలో బంధించిన తొలి తెలుగు రచయితలలో ఉన్నవ గారు ఒకరు. హాజరు పట్టీలో పేర్లు పిలవడం కూడా కాగితమే. కొలతపాటకు ఎదురుగా దానిని నిలపండి.

సమాధానం: దాసరి తంబుర

మా తాతగారు తంబుర మీటుతూ ఇంటింటికీ వెళ్లి కీర్తనలు పాడిన దాసరి. అందువల్ల ఈ విషయంలో నాకు కొంత పట్టుదల ఉన్నది, అది గమనించి చదవండి.

‘పల్లెవారు తప్ప ఎవరూ పాడకూడదు’ అన్న నియమం నాకు ఎంతో నచ్చింది. నిజానికి దీనికి చాలా పాత ఆధారం ఉన్నది. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు చెప్పిన మాలదాసరి కథలో, బ్రహ్మరాక్షసుడికి శాపవిముక్తి కలిగించేది మాలదాసరి పాడిన మంగళకైశికి అనే పాట ఫలమే. అంత గొప్ప పాట అంటరానివాడిగా చూడబడినవాడి దగ్గర ఉన్నదని పదహారో శతాబ్దంలోనే ఒక చక్రవర్తి రాశాడు. రామదాసు ఆ మాలదాసరి వంశంవాడని అనుకొని ఆయన పాటలను కట్టించండి.

వాద్యాల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మాలపల్లె అనగానే డప్పుల దరువుతో తెర తీయడం ఈ మధ్య అలవాటైంది. డప్పు మాదిగవారి వాద్యం, దానికి దాని గౌరవమూ చరిత్రా ఉన్నాయి. రామదాసు ఇంటి వాద్యాలు వేరు. తంబుర, తాళాలు, చిడతలు, గుమ్మెట, ఇవి చాలు. ఊరేగింపులో డప్పు రావాలనుకుంటే దానిని వాయించే మనిషి కూడా పాత్రగా రావాలి, రెండు పల్లెలూ కలిసి నడిచిన సంగతి అప్పుడు తెలియాలి. కేవలం ఉత్సాహం కోసం డప్పును తెర వెనుక నుంచి వినిపించడం మా రెండు కులాలవారికీ అన్యాయమే.

సంగదాసు మరణం గురించి మీరు అడిగినది, పాటా మౌనమా అని. ఆ రెండూ కాక మూడోది ఒకటి ఉన్నది. మన ఊళ్లలో చావు జరిగిన ఇంట ఆడవారు రాగం తీసి ఏడుస్తారు. దానికి తాళం ఉండదు, ముందుగా కట్టిన చరణాలు ఉండవు. పోయినవాడు ఏం తిన్నాడు, ఎవరితో ఎలా మాట్లాడాడు, పొద్దున ఇల్లు దాటేటప్పుడు ఏమన్నాడు, అన్నీ ఒక్కొక్కటిగా ఆ రాగంలోకి వస్తాయి. ప్రతి మాట చివర ‘నా తండ్రీ’ అనో ‘కొడకా’ అనో గొంతు కిందికి జారి, ఊపిరి తీసుకొని మళ్లీ పైకి లేస్తుంది. సంగదాసు తల్లి మహాలక్ష్మికి అది ఇవ్వండి. కవి చేత రాయించకండి. ఆ పాత్ర వేసే నటిని నవలలోని సంగదాసు జీవితం మొత్తం చదవమని చెప్పి, అభ్యాసంలో ఆమె నోటి నుంచి వచ్చిన మాటలలో నుంచే ఏరుకోండి. ఇటువంటివి వస్తాయి:

చద్దికుండ దింపలేదురా కొడకా,
చాలు నడుమ నిన్ను చల్లగా పండబెట్టారురా నా తండ్రీ,
గింజ అడిగిన నోటికి, మన్నే మిగిలిందిరా కొడకా.

ఆమె అలా ఏడుస్తుండగా రామదాసు తంబుర తీసుకొని తత్వం మొదలుపెట్టాలి. ఆయన తాళంలో పాడతాడు, ఆమె తాళం లేకుండా ఏడుస్తుంది. ఆయన శరీరం అనిత్యమని పాడుతుంటే ఆమె ఆ శరీరం తిన్న అన్నం గురించి ఏడుస్తుంది. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. అప్పుడు రామదాసు నిబ్బరం రాతిమనిషి నిబ్బరంలా కనిపించదు, ఆ ఏడుపును వినలేక పాటను పట్టుకొని నిలబడిన మనిషిలా కనిపిస్తాడు.

ఒక విషయంలో పై మిత్రుల నియమానికి చిన్న సడలింపు కోరతాను. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసు స్నేహితుడు, సంగదాసు పేరిట వెలసిన సంగపీఠం పనిలో పాలుపంచుకుంటాడు. అతడు చివరకు పాడవచ్చు. అయితే కథకుడిగా పాడకూడదు, వంతగా మాత్రమే పాడాలి. మాట పల్లెవారిది, వారు అన్నదానికి ‘తందానతాన’ పలకడం అతనిది. ఉన్నవ గారు అగ్రకులంలో పుట్టిన సంస్కర్త, ఆయన మనసు ఎంత పెద్దదైనా నవలలో అక్కడక్కడ ఉద్ధరించే చెయ్యి పైనుంచే దిగుతుంది. రంగస్థలం మీద ఆ లోపాన్ని మాట మార్చకుండానే, గొంతుల స్థానం మార్చి సరిదిద్దవచ్చు.

సమాధానం: హార్మోనియం మెట్టు

చౌదరయ్యకు పద్యం వద్దన్న వాదాన్ని కొలతపాట ఘట్టం చదివిన తరువాత ఒప్పుకుంటున్నాను. నాణేల చప్పుడు తరువాత పద్యం పెడితే ఆ చప్పుడు వృథా అవుతుంది.

తల్లి ఏడుపు, తండ్రి తత్వం ఒకేసారి వినిపించే ఘట్టానికి రెండు మాటలు. ఇద్దరూ ఒకే ఆధారశ్రుతిలో ఉండి తీరాలి, లేకపోతే ప్రేక్షకుడికి అది అపశ్రుతిగా వినిపిస్తుంది కాని దుఃఖంగా వినిపించదు. ఆ శ్రుతిని నటి గొంతును బట్టి నిర్ణయించండి, రామదాసు సర్దుకోవాలి. తత్వం మంద్రంలోను, మధ్యస్థాయి పంచమం లోపలా నడిచి, ఏడుపు పంచమం పైన లేస్తే రెండింటి మాటలూ విడివిడిగా తెలుస్తాయి. హార్మోనియం పూర్తిగా ఆపివేయాలి, తంబుర ఒక్కటే చాలు. ఏడుపులోని గమకాలు హార్మోనియం మెట్ల మధ్య పలికేవి, మేము వాటిని వెంటాడితే పాడుచేస్తాము.

సమాధానం: తెర వెనుక

నా పని రంగాలంకరణ, ధ్వని, అనుమతుల వంటివి చూసుకోవడం. ముందుగా హక్కుల సంగతి, ఎవరూ ప్రస్తావించలేదు కనుక. ఉన్నవ గారు 1958లో కీర్తిశేషులయ్యారు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని అరవై ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 2018 డిసెంబరుతో ఆ గడువు ముగిసింది. మూలనవలను నాటకీకరించడానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే తరువాతి కాలంలో వచ్చిన సంక్షిప్త ప్రతులకు, సంపాదకుల వివరణలకు వేరే హక్కులు ఉండవచ్చు. కాబట్టి మీ రాతప్రతిని మూలం నుంచే తయారుచేసుకోండి, సంక్షిప్త ప్రతిలో కుదింపు బాగున్నదని దానిని అనుసరించకండి. మీ కోసం కొత్త పాటలు రాసేవారితో, బాణీలు కట్టేవారితో మొదటే కాగితం మీద ఒప్పందం చేసుకోండి. నాటకం పేరు తెచ్చుకొన్న తరువాత పాటలు ఎవరివన్న తగాదాతో ఆగిపోయిన ప్రదర్శనలను చూశాను.

ధ్వని విషయం. ఖర్చు తగ్గుతుందని చాలా బృందాలు సంగీతాన్ని ముందే రికార్డు చేయించి, దాని మీద నటుల చేత పాడిస్తున్నాయి. పైన చెప్పిన నాటకానికి అది పనికిరాదు. నాణేలు పడిన క్షణాన పాట తెగాలి, నటి ఊపిరిని బట్టి తంబుర నడవాలి. రికార్డు ఎవరి కోసమూ ఆగదు. ముగ్గురు వాద్యకారులను రంగం మీదే, ఒక పక్కన, పల్లెవారి వేషంలో కూర్చోబెట్టండి. అందరికీ మెడ మైకులు ఇవ్వలేకపోతే రామదాసుకు, మహాలక్ష్మికి, కథకుడికి ఇచ్చి, మిగిలినవారికి రంగం అంచున నేల మైకులు పెట్టండి. గుమ్మెటకు మైకు పెట్టకండి, అది ఒక్కటే మిగిలిన వాద్యాలన్నిటినీ మింగేస్తుంది.

అయితే రికార్డింగుకు వేరే ఉపయోగం ఒకటి ఉన్నది. విక్టర్ హ్యూగో 1862 నాటి నవల ‘లే మిజరబ్ల’ను ఫ్రెంచివారు సంగీత నాటకం చేసినప్పుడు, 1980లో ముందు పాటలను ఆల్బముగా తెచ్చి, తరువాత పారిస్‌లో ప్రదర్శించారు. 1985లో లండన్ చేరేసరికి దానిని చాలా మార్చారు. అంత హంగు మనకు అక్కరలేదు. మీ కోతల పాట, సంత కథ, చరమగీతం మూడింటిని ఫోనులో అయినా రికార్డు చేసి, నవల చదవని కొద్దిమందికి కథ చెప్పకుండా వినిపించండి. మాట అర్థమైందా, ఎవరి పక్షాన నిలబడి వింటున్నారు అని అడగండి. రంగాలంకరణకు ఒక్క రూపాయి కూడా పెట్టకముందే ఈ పని చేయాలి.

ప్రశ్న వేసినవారు: కృష్ణాతీరం

అందరికీ హృదయపూర్వక నమస్కారాలు. మీ జవాబులను నిన్న బృందంలో చదివి వినిపించాను. చౌదరయ్య పాత్రధారి మొదట చిన్నబుచ్చుకొన్నా, పాడలేని ఒక్క మనిషి అన్న మాట విన్న తరువాత ఆ పాత్రను అలాగే చేస్తానని తానే అన్నారు. ఆయన గొంతును వదులుకోలేక కోతల పాట నేర్పే బాధ్యతను ఆయనకే అప్పగించాము.

కొలతపాట, మహాలక్ష్మి ఏడుపు, సంతలో జగ్గడి కథ, ఈ మూడు ఘట్టాలను ముందుగా సిద్ధం చేస్తాము. డప్పు గురించి దాసరి గారు చెప్పినది మాలో ఎవరికీ తోచని సంగతి. ఊరేగింపు ఘట్టంలో డప్పు కళాకారుడిని పాత్రగా తీసుకురావడానికి రాతప్రతిలో చోటు చేస్తున్నాము, ఆ పాత్ర మాటలను ఆ కళాకారుడితో కూర్చొనే రాస్తాము.

రామానాయుడు వంతగా పాడే విషయంలో మాత్రం మా బృందం ఇంకా ఒక అభిప్రాయానికి రాలేదు. సంగపీఠం ఘట్టంలోనే అతని గొంతు కలవాలని నేను అంటున్నాను. చరమగీతం ముగిసి, పాడేవాడు పోయిన తరువాత మాత్రమే అతనికి ఆ అర్హత వస్తుందని మా దర్శకురాలు అంటున్నారు. నవలను దగ్గరగా చదివినవారు దీని మీద మరోసారి మాట్లాడితే మాకు మేలు చేసినవారవుతారు.

సమాధానం: పాతపుస్తకాల అలమర

దర్శకురాలి మాటే సరైనదని నాకు తోస్తున్నది. సంగపీఠం కట్టే రోజుల్లో రామానాయుడు డబ్బు ఇవ్వగలడు, భూమి ఇవ్వగలడు, అవి అతని దగ్గర ఉన్నవే. వెంకటదాసు జైలులో పోయేనాటికి స్నేహితుడినీ, స్నేహితుడి అన్ననూ తన వర్గం చేతిలో పోగొట్టుకొన్నవాడవుతాడు. ఆ ఘట్టం తరువాత రామదాసు తత్వం ఎత్తుకొన్నప్పుడు, మొదటి చరణానికి వంత పలికేవారు ఎవరూ లేక ఆగాలి. రెండో చరణానికి రామానాయుడు, తాళం కొంచెం తప్పుతూనే, అందుకోవాలి. మాష్టారు ఆ తాళాన్ని సరిదిద్దవద్దని మనవి.